చక్రాల మీద స్నానశాల

మా కళాశాల వృక్షశాస్త్ర విద్యార్థులు మొక్కలు సేకరించడానికి మన్యంలోకి వెళుతూ, భౌతికశాస్త్రం చెప్పే నన్నుకూడా ఒకసారి తోడు తీసుకువెళ్ళారు. మేమెక్కిన జీపు కప్పుమీద నల్లరంగు పూసిన లావుపాటి గొట్టం ఒకటి పొడుగునా కట్టివున్నది. దాని రెండు కొసలకూ మూతలు బిగించారు. వెనుకవైపు మూతకు ఒక కుళాయి, కుళాయికి రబ్బరు గొట్టం, దాని చివర పూలమొక్కలకు నీళ్ళుపోసే డబ్బామూతివంటి చిల్లుల బిళ్ళ. ఉదయం బయలుదేరేముందు డ్రైవరు అందులో నీళ్ళు నింపాడు. సాయంకాలం ఏటిగట్టున ఆగేసరికి అవి గోరువెచ్చన దాటి కాగివున్నాయి. "ఇదెక్కడి కొత్త విడ్డూరం మాస్టారూ!" అన్నారు పిల్లలు. ఇది కొత్తది కాదనీ, దీని వెనుక నూరేళ్ళకు పైబడిన కథ వున్నదనీ అన్నాను గాని, ఆ కథ ఆ పూట సరిగా చెప్పలేకపోయాను. ఈ వ్యాసం ఆ బాకీ తీర్చుకోవడానికే.

ముందు లెక్క సంగతి చూద్దాం. గొట్టం వ్యాసం 10 సెంటీమీటర్లు, పొడవు ఒకటిన్నర మీటరు అనుకుంటే అందులో సుమారు 12 లీటర్ల నీళ్ళు పడతాయి. వాటి ఉష్ణోగ్రత 15 డిగ్రీలు పెరగాలంటే 1,80,000 కేలరీల ఉష్ణం కావాలి. నడినెత్తిన ఎండ కాస్తున్నప్పుడు నేలమీద ఒక చదరపు సెంటీమీటరుకు నిమిషానికి సుమారు 1.4 కేలరీలు అందుతాయి. గొట్టం సూర్యుడికి చూపే వైశాల్యం 1,500 చదరపు సెంటీమీటర్లు. అంటే నిమిషానికి 2,100 కేలరీలు. నల్లరంగు ఆ ఎండనంతా మింగి, ఏమీ పోగొట్టుకోకపోతే గంటన్నరలో నీళ్ళు కాగుతాయి. నడిచే బండికి గాలి కొడుతూనే వుంటుంది కనుక మూడు గంటలని పెట్టుకోవడం న్యాయం.

వేడి సులభంగానే దొరికింది. చిక్కల్లా పీడనంతోనే. పది మీటర్ల ఎత్తున నీరు నిలిస్తే దాని అడుగున ఒక వాతావరణ పీడనం పుడుతుంది. జీపు కప్పుకూ, కింద నిలబడ్డవాడి తలకూ మధ్య మూర ఎడం కూడా వుండదు. అక్కడ దొరికేది వాతావరణ పీడనంలో ఇరవయ్యో వంతు. అందుకే మా డ్రైవరు గొట్టానికి ఒక టైరు వాల్వు అమర్చి, సైకిలు పంపుతో గాలి కొట్టేవాడు. ఇది మంచి ఉపాయమే గాని, ఎండలో మరిగే మూతవేసిన గొట్టంలోకి గాలి ఎక్కించడం జాగ్రత్తగా చేయవలసిన పని. కొందరు ఈ బాధ లేకుండా, బండి ఇంజనును చల్లబరచే నీటి వేడినే ఒక తీగచుట్టలాంటి గొట్టం ద్వారా స్నానపు నీటికి అందించి, బండి బాటరీతో నడిచే చిన్న పంపుతో జల్లు కొట్టిస్తారు. రేడియేటరు ద్వారా వృథాగా గాలిలో కలిసే వేడి అది. ఖర్చు లేదు.

విహారయాత్రలకు వెళ్ళేవారి సౌఖ్యంకోసం పుట్టిన వస్తువుగా దీన్ని చూస్తే నవ్వులాటగానే వుంటుంది. కాని బండిమీద స్నానశాలను ఎక్కించవలసిన అగత్యం మొదట విహారంలో కలగలేదు. జ్వరం వల్ల కలిగింది.

జల్లు స్నానం పుట్టుక గురించి ఎక్కువ చెప్పను. తలపైనుండి సన్నగా ధార పడడమనేది మనకు వింత కాదు. శివలింగంపైన వేలాడే ధారాపాత్రను చూడనివారెవరు? ఐరోపాలో యంత్రంగా దీనికి మొదటి పేటెంటు 1767 లో లండనులో పొయ్యిలుచేసే విలియం ఫీథం అనే అతనికి దక్కింది. చేతిపంపుతో నీళ్ళను తలపై తొట్టిలోకి ఎక్కించి, గొలుసు లాగితే అవి మీద పడేవి. పడ్డ నీళ్ళే మళ్ళీ పైకెక్కేవి! అది ఎంతమందికి నచ్చివుంటుందో ఊహించవచ్చు. దాన్ని జనానికి పనికివచ్చే పద్ధతిగా మార్చినవాడు ఫ్రాన్సు దేశంలో రువాన్ పట్టణపు జైలు వైద్యుడు మెరీ దెలాబో. తొట్టిస్నానం చేయించాలంటే ఒక్కొక్క ఖైదీకి గంగాళాలకొద్దీ వేన్నీళ్ళు కావాలి, ఒకడు దిగిన నీటిలో రెండవవాడు దిగాలి. నీటిని పైనుండి చల్లితే కొద్ది నీళ్ళతో, కొద్ది నిమిషాలలో, పలువురు ఒకేసారి శుభ్రపడతారని 1872 ప్రాంతంలో ఆయన చూపించాడు. 1883 లో బెర్లిను ఆరోగ్య ప్రదర్శనంలో ఆస్కార్ లాసార్ అనే చర్మవైద్యుడు జనసామాన్యానికి జల్లు స్నానశాల నమూనా పెట్టి, ప్రతి జర్మనుకూ వారానికొక స్నానం దక్కాలని ప్రచారం చేశాడు. వారానికొకటి! రోజూ రెండు చెంబులైనా పోసుకోనిదే అన్నం ముట్టని మన పెద్దలు వింటే ఏమనేవారో. కాని ఆ చలిదేశంలో, నీటికుళాయిలేని కార్మికుల గదుల్లో, అది పెద్ద కోరికే.

ఇక జ్వరం కథ.

టైఫస్ అనే పేరు వినగానే మనలో చాలామందికి టైఫాయిడు గుర్తుకు వస్తుంది. రెండూ వేరు. టైఫాయిడు తిండి, నీరు ద్వారా వచ్చేది. టైఫస్ యుద్ధాలలో, కరువులలో, జైళ్ళలో, ఓడలలో జనం కిక్కిరిసి, చలికి బట్టలు విప్పకుండా వున్నచోట చెలరేగేది. తీవ్రమైన జ్వరం, ఒళ్ళంతా దద్దుర్లు, సంధి. మందులులేని రోజుల్లో పట్టినవారిలో పదిమందికి ఒకరు మొదలుకొని నలుగురు దాకా చనిపోయేవారు. దాన్ని మోసుకువచ్చేదేమిటో 1909 వరకు తెలియదు.

ట్యూనిస్ నగరంలోని పాస్టర్ సంస్థకు డైరెక్టరుగా వుండిన చార్లెస్ నికోల్ అక్కడి ఆసుపత్రిలో ఒక చిత్రాన్ని గమనించాడు. టైఫస్ రోగులు ఆసుపత్రి గడపదాకా ఇతరులకు రోగం అంటిస్తూనే వచ్చేవారు. వారిని చేర్చుకునే గుమాస్తాలకు, వారి బట్టలు తీసుకొనేవారికి, వాటిని ఉతికేవారికి జ్వరం వచ్చేది. కాని లోపల వార్డులో వారి పక్క మంచాలమీద పడుకున్నవారికి వచ్చేది కాదు. గడపకు అవతల అంటేది ఇవతల అంటకపోవడమేమిటి? గడపవద్ద జరిగే మార్పు ఒక్కటే. రోగికి స్నానం చేయించి, బట్టలు తీసివేసి, ఆసుపత్రి బట్టలు కట్టబెడతారు. కనుక రోగాన్ని అంటించేది రోగి శ్వాసలోనో, చెమటలోనో లేదు. స్నానంతోను, బట్టలతోను వదిలిపోయే వస్తువేదో అది. అటువంటిది పేను తప్ప మరొకటి కనిపించలేదు. 1909 లో కోతులమీద ప్రయోగంచేసి నికోల్ దాన్ని రుజువుచేశాడు. 1928 లో ఆయనకు నోబెల్ బహుమానం వచ్చింది. అంతకు రెండేళ్ళ ముందే, 1907 లో, మన దేశంలో నాసిక్ వద్ద ఒక మిషను ఆశ్రమంలో తిరగబెట్టే జ్వరం ప్రబలినప్పుడు, మాకీ అనే వైద్యాధికారి ఇటువంటిదే గమనించాడు. మగపిల్లలలో జ్వరమూ ఎక్కువ, పేలూ ఎక్కువ. ఆడపిల్లలలో రెండూ తక్కువ. ఈ సంగతి పాఠ్యపుస్తకాలలో నికోల్ పేరంత ప్రస్ఫుటంగా కనిపించదు.

ఈ పేను తలలో వుండే పేను కాదు. దీన్ని మన తెలుగులో చీరపేను అంటారు. మనవారు పెట్టిన ఈ పేరులోనే శాస్త్రమంతా వున్నది. అది కాపురం వుండేది ఒంటిమీద కాదు, బట్టమీద. కుట్లలో, మడతలలో ఈపులు పెడుతుంది. ఆకలైనప్పుడు మాత్రం ఒంటిమీదికి వచ్చి రక్తం పీల్చి మళ్ళీ బట్టలోకి పోతుంది. వేడి ఎక్కువైతే దానికి సరిపడదు. అందుచేత జ్వరం తీవ్రమైన రోగినీ, చల్లబడిన శవాన్నీ వదలి పక్కవాడి బట్టల్లోకి వలసపోతుంది. రోగకారక జీవి దాని కాటులో కాక, మలంలో వుంటుంది; మనం గోక్కున్నప్పుడు గాటులగుండా లోపలికి పోతుంది. ఆ జీవిని వెదకబోయి ఇద్దరు శాస్త్రజ్ఞులు ఆ జ్వరంతోనే చనిపోయారు. హోవర్డ్ రికెట్స్ 1910 లో మెక్సికోలో, ప్రొవాజెక్ 1915 లో జర్మనీలోని ఒక యుద్ధఖైదీల శిబిరంలో. ప్రొవాజెక్‌తో పనిచేసి, తానూ అదే జ్వరం తిని బ్రతికిన బ్రెజిలు శాస్త్రజ్ఞుడు ద రోచా లిమా 1916 లో దానికి వారిద్దరి పేర్లూ కలిపి రికెట్సియా ప్రొవాజెకీ అని పేరుపెట్టాడు.

దీనినిబట్టి ఒక సంగతి తేలుతుంది. ఒట్టి స్నానంతో టైఫస్ ఆగదు. మనిషి ఎంత రుద్దుకొని స్నానంచేసినా, విడిచిన బట్టనే మళ్ళీ తొడుక్కుంటే పేలన్నీ తిరిగి ఒంటికి చేరుతాయి. బట్టలను మాత్రం ఆవిరిపట్టి మనిషిని వదిలినా చాలదు. రెండూ ఒకేచోట, ఒకే గంటలో జరగాలి. స్నానానికి వేన్నీళ్ళు, బట్టలకు ఆవిరి, రెంటికీ ఒక బాయిలరు. జనం దేశమంతా చెదిరివుంటే ఆ బాయిలరే వారివద్దకు నడచిపోవాలి. చక్రాల స్నానశాల ఇక్కడినుండి మొదలయింది.

దాని మొదటి గట్టి పరీక్ష సెర్బియాలో జరిగింది. 1914 డిసెంబరులో సెర్బియా సైన్యం ఆస్ట్రియా సేనను తరిమివేసింది. కాని వెళ్ళిన సేన వేలకొలది ఖైదీలనూ, రోగులనూ విడిచిపోయింది. వారి బట్టలలో టైఫస్ వున్నది. ఆ చలికాలంలోనే దేశమంతా అల్లుకున్నది. కొద్ది నెలలలో లక్షన్నరకు పైగా జనం చనిపోయారు. దేశంలో వున్న వైద్యులే సుమారు నాలుగువందలమంది. వారిలో మూడవవంతు దాకా ఈ జ్వరానికే బలి అయ్యారు. 1915 వసంతకాలంలో విదేశ వైద్యబృందాలు వచ్చాయి. బ్రిటిషు బృందానికి నాయకుడు విలియం హంటర్. ఆయన మొదట చేయించిన పని మందు ఇవ్వడం కాదు, కొన్ని రోజులపాటు రైళ్ళు ఆపించడం, సైనికులకు సెలవులు రద్దు చేయించడం. పేలు రైలెక్కి తిరగడం ముందు ఆగాలి కదా!

ఆ బృందంలో స్టామర్స్ అనే సైనిక వైద్యుడు బట్టల ఆవిరికి ఒక సులభమైన సాధనం కల్పించాడు. అడుగున చిల్లులు చేసిన చెక్క పీపాయిని, మరిగే నీళ్ళ కాగుమీద కూర్చోబెట్టడమే. పీపాయిలో బట్టలు వేసి పైన మూత బరువుగా పెడితే, ఆవిరి వాటిగుండా పోయి పేలనూ, ఈపులనూ చంపుతుంది. దీన్ని సెర్బియా పీపాయి అని లోకం మెచ్చుకున్నది. దాని బొమ్మను నేను మొదటిసారి చూసినప్పుడు నాకు గుర్తుకువచ్చినది మా ఊరి చాకిరేవు. చవుటి నీళ్ళలో తడిపిన బట్టలను బానమీద పేర్చి, కింద మంటపెట్టి, రాత్రంతా ఉబ్బవేయడం మన రజకులకు తరతరాలుగా తెలిసిన విద్యే. వారు మురికి వదలడానికి చేశారు, స్టామర్స్ పేలు చావడానికి చేశాడు. పనిచేసేది మాత్రం ఒకే ఆవిరి. దీనిలో కిటుకు గుప్తోష్ణం. ఒక గ్రాము ఆవిరి చల్లని బట్టకు తగిలి నీరుగా మారేటప్పుడు 540 కేలరీలు అక్కడే విడుస్తుంది. అదే 100 డిగ్రీల వేడిగాలి దుప్పటి మడతల లోపలికి చొరబడలేక పైపైనే తిరుగుతుంది.

అమెరికా బృందానికి నాయకుడు హార్వర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు రిచర్డ్ స్ట్రాంగ్. ఆయన వాడినదే నా దృష్టిలో ఈ కథకంతా తలమానికం: స్నానాల రైలు. మూడు పెట్టెలు. ఒకదానిలో పెద్ద బాయిలరు. రెండవదానిలో బట్టలను ఆవిరితో శుద్ధిచేసే గది. మూడవ పెట్టెలో పదిహేను జల్లుకుళాయిలు. రైలు ఒక ఊరి స్టేషనులో ఆగేది. పక్కన గుడారాలు వేసేవారు. జనం వరుసగా వచ్చి, బట్టలు విప్పి ఇచ్చి, వెంట్రుకలు కత్తిరించుకొని, స్నానంచేసి, ఆవిరిపట్టిన తమ బట్టలే తిరిగి తొడుక్కొని బయటకు పోయేవారు. ఇందులో గొప్పతనం కుళాయిలలో లేదు. మురికిగా వచ్చిన మనిషి వచ్చిన దారిన తిరిగి పోకుండా, శుభ్రపడిన మనిషి మురికివాని పక్కన నిలవకుండా, ఒకవైపు లోపలికీ రెండవవైపు వెలుపలికీ నడిపించే ఏర్పాటులో వున్నది. నికోల్ చూసిన ఆసుపత్రి గడపకు చక్రాలు తగిలించి ఊరూరా తిప్పినట్లయింది. ఆ సంవత్సరం వేసవికే సెర్బియాలో టైఫస్ వెనుకబట్టింది. వాతావరణం వెచ్చబడడం దానికి తోడ్పడలేదని అనను. అయినా ఒక దేశవ్యాప్తమైన టైఫస్ అంత త్వరగా అణగడం అంతకుముందు అరుదు.

అదే సమయంలో పశ్చిమ రంగంలో ఫ్రాన్సు, బెల్జియం కందకాలలో కూర్చున్న సైనికులకు టైఫస్ రాలేదు గాని, కందకజ్వరం అనే మరొక చీరపేను వ్యాధి పట్టుకున్నది. దాన్ని మోసేది పేనేనని 1918 లో రుజువయింది. అక్కడ స్నానాలకు మొదట దొరికినవి సారాబట్టీల కొయ్యతొట్లు. ఒకేసారి పదిమంది దిగేవారు. తరువాత ఆవిరి లారీలు వచ్చాయి. ఫోడెన్ కంపెనీ లారీ ఆవిరితోనే నడిచేది కనుక, లారీని నడిపే బాయిలరు నుండే వెనుకనున్న రెండు పెట్టెలకు ఆవిరి పంపి బట్టలు శుద్ధిచేసేవారు. ఆ పెట్టెల పద్ధతి డాక్టర్ థ్రెష్ అనే ఆంగ్ల ఆరోగ్యాధికారిది. దారి నడిపించిన వేడితోనే దారి చివర పని జరిపించుకోవడం! మా జీపు డ్రైవరుకు ఈ సంగతి తెలిస్తే సంతోషించేవాడు. యుద్ధం ముగిశాక మిగిలిపోయిన ఇటువంటి స్నానపు, ఆవిరి సామగ్రినే 1919 తరువాత పోలండులో ప్రబలిన టైఫస్‌మీదికి అమెరికా సైన్యం పంపింది. రష్యాలో ఆ కొద్ది సంవత్సరాలలో టైఫస్‌తో పోయినవారు ముప్ఫైలక్షలని అంచనా. అక్కడా స్నానాల రైళ్ళు నడిచాయి. రెండవ ప్రపంచయుద్ధంలో సోవియట్ సైన్యం వెనుక స్నానమూ, చాకలిపనీ కలిసిన రైళ్ళు తిరిగాయి.

ఇంతవరకు చెప్పినదానివల్ల స్నానం ఎల్లప్పుడూ మేలుగానే జరిగిందని పాఠకులు అనుకోవచ్చు. అట్లా అనుకోనివ్వడం సత్యానికి అన్యాయం. అమెరికా, మెక్సికో సరిహద్దున ఎల్ పాసో పట్టణంలో టైఫస్ భయంతో, వంతెన దాటి కూలికి వచ్చే మెక్సికనులందరూ బట్టలు విప్పి స్నానంచేసి, బట్టలు ఆవిరికి ఇచ్చి రావాలని 1917 లో నియమం పెట్టారు. అంతకు ముందటి సంవత్సరమే ఆ పట్టణపు జైలులో పేలు చావడానికి పెట్రోలు కలిపిన నీళ్ళతో స్నానాలు చేయిస్తుండగా నిప్పంటుకొని ఇరవైమందికి పైగా ఖైదీలు మాడిపోయారు. ఆ సంగతి అందరికీ జ్ఞాపకం వున్నది. పైగా స్నానశాలలో ఆడవారిని నగ్నంగా ఫొటోలు తీస్తున్నారని వదంతి. 1917 జనవరి 28 న కార్మెలిటా టోరెస్ అనే పదిహేడేళ్ళ పనిపిల్ల స్నానం చేయనని మొరాయించి, ట్రాములోని ఆడవారినందరినీ దింపివేసింది. కొద్ది గంటలలో వేలమంది పోగై వంతెనను దిగ్బంధం చేశారు. పేను రోగం మోస్తుందన్న శాస్త్రం సరియైనదే. కాని ఒక జాతివారిని మాత్రమే వంతెనమీద నిలబెట్టి విప్పించడం శాస్త్రం చెప్పినది కాదు. ఆ స్నానాలు తరువాత కూడా చాలా సంవత్సరాలు సాగాయి.

ఇంతకన్న ఘోరమైన సంగతి వున్నది. నాజీలు ఆష్విట్స్ మొదలైన శిబిరాలలో విషవాయు గదులను స్నానపు గదులుగా నమ్మించి యూదులను లోపలికి పంపారు. అక్కడ వాడిన సైక్లోన్-బి అసలు బట్టలలో పేలనూ, గిడ్డంగులలో పురుగులనూ చంపడానికి తయారైన విషం. పేలను చంపే శాస్త్రంలోని ప్రతి మాటనూ, ప్రతి పరికరాన్నీ వారు మనుషులమీదికి తిప్పారు. 1945 ఏప్రిల్ 15 న బ్రిటిషు సేన బెర్గెన్-బెల్సెన్ శిబిరం చేరేసరికి అక్కడ సుమారు అరవైవేలమంది వున్నారు, టైఫస్ చెలరేగుతున్నది. ఆన్ ఫ్రాంక్ అనే బాలిక కొద్ది వారాల ముందే అక్కడ చనిపోయింది; టైఫస్‌తోనే కావచ్చునంటారు. సైన్యంతోబాటు సంచార స్నానదళమూ వచ్చింది. గుర్రపుసాలలో బల్లలు వేసి, లేవలేనివారిని ఒక్కొక్కరిని కడిగి, మందుపొడి చల్లి, శుభ్రమైన దుప్పట్లలో చుట్టి ఆసుపత్రికి చేర్చారు. జల్లుగది అన్న పేరు వింటేనే వణికిన రోగులు వున్నారు. అయినా విముక్తి తరువాత పదమూడువేలమంది దక్కలేదు. పేలు నిండిన కొట్టాలను ఒక్కొక్కటిగా కాల్చివేశారు. చివరిదాన్ని మే 21 న తగలబెట్టారు.

ఇప్పుడు మందుపొడి అన్నాను. అది డి.డి.టి. స్విట్జర్లాండు రసాయనజ్ఞుడు పాల్ ముల్లర్ 1939 లో దాని కీటకనాశక శక్తిని కనిపెట్టి 1948 లో నోబెల్ బహుమానం పొందాడు. 1943 చివర ఇటలీలో నేపుల్స్ నగరంలో టైఫస్ మొదలయినప్పుడు, చేతిపిచికారీతో ఆ పొడిని జనం చొక్కా చేతులలోకి, మెడలోకి కొట్టారు. కొద్ది వారాలలో పదిలక్షల పైచిలుకు మందికి కొట్టడం పూర్తయింది. ఎవరూ బట్టలు విప్పనక్కరలేదు. నీళ్ళు అక్కరలేదు. బాయిలరు అక్కరలేదు. చలికాలంలో ఒక మహానగరంలో టైఫస్‌ను మధ్యలోనే నిలిపివేయడం అదే మొదటిసారి. స్నానాల రైలుకు ఇక కాలం చెల్లిందని చాలామంది అనుకున్నారు. కాని 1951 ప్రాంతంలో, కొరియా యుద్ధంలో, డి.డి.టి. పొడి చల్లినా చావని చీరపేలు బయటపడ్డాయి. జీవి మందుకు అలవాటుపడుతుంది. ఆవిరికి అలవాటుపడిన పేను మాత్రం ఇంతవరకు పుట్టలేదు.

ఆ కొరియాలోనే అమెరికా సైన్యం బండిమీద స్నానానికి మరొక మెరుగు పెట్టింది. లారీలవెంట లాక్కుపోయే స్నానయంత్రం ఏటి ఒడ్డున ఆగుతుంది. పంపు ఏటినీళ్ళు తోడుతుంది, పొయ్యి వేడిచేస్తుంది, గుడారంలో జల్లు పడుతుంది. సైనికుడు ఒక చివర తన మురికిబట్టలు శాశ్వతంగా వదిలేసి, స్నానంచేసి, రెండవ చివర తన కొలతకు సరిపడే ఉతికిన బట్టలు అందుకొని వెళతాడు. బట్టలు శుద్ధి అయ్యేదాకా చలిలో నిలవడమనే బాధ తీరింది. రెండవ జత మోయడమూ తప్పింది.

యుద్ధాలు లేనిచోటికి ఈ బండి చాలా ఆలస్యంగా చేరింది. 2014 లో సాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో దోనీస్ సాందోవాల్ అనే మహిళ, నగర రవాణాసంస్థ మూలబెట్టిన పాత బస్సులను తీసుకొని, వీధుల్లో నివసించే బీదలకు స్నానశాలలుగా మార్పించింది. ఒక్కొక్క బస్సులో రెండే గదులు. ప్రతి గదికి తలుపు, గడియ, లోపల మరుగుదొడ్డి, అద్దం. నీళ్ళు మంటలార్పే వీధి కుళాయిలనుండి పట్టుకునేవారు. స్ట్రాంగు రైలులో పదిహేను కుళాయిలు, ఇక్కడ రెండు. మందితో లెక్క చూస్తే ఇది వెనుకడుగే. తలుపుకున్న గడియను కూడా లెక్కలో వేస్తే కాదు.

ఈ గడియ మాట ఊరికే అనలేదు. కొన్ని సంవత్సరాల క్రితం తుఫాను వెలిసిన తరువాత కోస్తాలో ఒక గ్రామంలో, బడిలో నడిచే సహాయశిబిరానికి మా విద్యార్థులతో వెళ్ళాను. బావులన్నీ ఉప్పుబారిపోయాయి. తాగడానికీ, వంటకూ నీళ్ళు ట్రాక్టరు టాంకరులో వచ్చేవి. స్నానాలకని ఒక టాంకరు నాలుగవ రోజున దొరికింది. 5,000 లీటర్లు, మనిషికి 20 లీటర్లు వేసుకుంటే 250 మందికి సరిపోతాయి. ప్లాస్టిక్ గొట్టానికి కాల్చిన మేకుతో చిల్లులుపొడిచి, రెండు గుంజలమధ్య తలయెత్తున కట్టి, టాంకరు కుళాయికి తగిలించాము. జల్లు బాగానే పడింది. టాంకరు సగమయ్యేసరికి ఆగిపోయింది. భౌతికశాస్త్రం చెప్పేవాణ్ణి, ఇది ముందే తోచవలసింది: నీరు తన మట్టానికి మించి ఎక్కదు, టాంకరులో నీటిమట్టం మా గొట్టంకన్న కిందికి దిగింది. పిల్లలలో ఒకడు ట్రాక్టరును కాలువగట్టు మీదికి ఎక్కించమన్నాడు. గుంజలు గట్టుకింద పాతాము. ఆ దెబ్బతో మట్టానికి రెండు మీటర్ల ఎత్తు కలిసివచ్చి, ఆఖరి చుక్కదాకా ధార ఆగలేదు.

మగవారూ పిల్లలూ కేకలువేస్తూ తడిశారు. ఆడవారొక్కరూ రాలేదు. గట్టుమీద కూర్చున్న ఒక ముసలామెను అడిగాను. "నీళ్ళు తెచ్చారు సరే బాబూ, చాటేదీ?" అన్నది. తాటాకు తడికలూ, లారీమీది టార్పాలినూ తెచ్చి మూడువైపులా కట్టాము. అప్పటికీ రాలేదు. మళ్ళీ అడగవలసి వచ్చింది. ఒంటిమీద వున్న చీరతప్ప మరొక చీర ఎవరికీ మిగలలేదు. తడిసిన చీరతో బయటకు ఎట్లా రావడం? సెర్బియా రైలు సంగతి ఎన్నోసార్లు చదివిన నాకు ఆ క్షణందాకా అది తట్టలేదు. సాయంకాలం పట్టణంనుండి పాత చీరల మూటలు వచ్చాయి. వాటిని చాటుకు అవతలివైపు బల్లమీద పెట్టించి, ఇవతలనుండి వెళ్ళి అవతలనుండి రమ్మన్నాము. చీకటిపడేసరికి టాంకరు ఖాళీ అయింది. రెండవ టాంకరుకోసం ట్రాక్టరు మళ్ళీ బయలుదేరింది.